వైరు బోర్డు నుంచి కళ్లద్దాల దాకా

1990 ప్రాంతంలో సియాటిల్‌లో బోయింగ్ కంపెనీ వాళ్లను సతాయించిన సమస్యే హైదరాబాద్ బాలానగర్‌లోని మా షెడ్డులో మమ్మల్నీ సతాయించేది: ఇన్ని బోర్డులు ఎక్కడ పెట్టాలి? వాళ్లు విమానాలకు వైరు కట్టలు కట్టేవాళ్లు, మేం కంట్రోల్ ప్యానళ్లకు కట్టేవాళ్లం. వాళ్లెక్కడ, మేమెక్కడ! కానీ పని అదే, తలనొప్పీ అదే. ఇవాళ పేపర్లలో కనబడే ఆగ్‌మెంటెడ్ రియాలిటీ హెడ్‌సెట్లు, అంటే కళ్లెదుట ఉన్న నిజం దృశ్యం మీదే కంప్యూటరు బొమ్మలు కలిపి చూపించేవి, ఫ్యాక్టరీ పనికి పనికొస్తాయన్న ఆలోచన ఆ బోర్డుల దగ్గరే పుట్టింది. ఆ కథను ఎప్పుడూ కంప్యూటరు వాళ్లే చెబుతారు. ఒకసారి వైరు వాడు చెబితే ఎలా ఉంటుందో చూద్దామని ఈ ప్రయత్నం.

ముందు బోర్డు సంగతి తెలియాలి. ఒక ప్లైవుడ్ పలక మీద డ్రాయింగును అసలు సైజులో గీసి అతికిస్తారు. గీత వంపు తిరిగిన ప్రతిచోటా మేకు కొడతారు. వైరు ఒక కొస దగ్గర బయల్దేరి, మేకుల మధ్య నుంచి పాకి, చీలాల్సిన చోట చీలి తన కనెక్టరుకు చేరుతుంది. అన్నీ పడ్డాక మైనం పట్టించిన దారంతో వరసగా ముడులు వేస్తూ కట్టను బిగించుకుంటూ పోతాం. ముడి వదులైతే కట్ట జారిపోతుంది, మరీ లాగితే వైరు మీది తొడుగు నొక్కుకుపోతుంది. ఎంత లాగాలో బొటనవేలికే తెలియాలి, ఏ డ్రాయింగులోనూ రాసి ఉండదు. ఆఖరున బజర్ పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు కరెంటు పోతోందో లేదో చూసుకుంటాం.

వైర్లు వేసేది మాత్రం ఇద్దరు. మా దగ్గర సీనియర్ అక్క ఒకావిడ లిస్టు పట్టుకుని స్టూలు మీద కూర్చునేది. "నలభై రెండు, పసుపు, జె మూడు, పిన్ను పదకొండు" అని చదివేది. నేను "పడింది" అనగానే తర్వాతది. ఆవిడ గొంతు ఆగకపోతే నా చెయ్యి ఆగేది కాదు. ఆవిడ సెలవు పెట్టిన రోజు నేనే చదువుకుని నేనే వేసుకోవాలి. తల తిప్పి లిస్టు చూసి మళ్లీ బోర్డు వైపు తిరిగేసరికి పన్నెండా, పదకొండా అని అనుమానం. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పని పడుతుంది.

ఇక చిక్కు. కస్టమరు ఒక స్విచ్చి అటు జరపమన్నాడంటే బోర్డు మారిపోతుంది. పాతది పారెయ్యలేం, రేపు రిపేరుకు అదే కట్ట మళ్లీ అడుగుతారు. గోడల పొడుగునా పలకలు. మాకే అలా ఉంటే, ఒక్కో ఎయిర్‌లైన్సు ఒక్కో రకం సీట్లు, వంటగది, రేడియోలు కోరుకునే విమానాల కంపెనీ గతి ఊహించండి. ఒకే మోడలు విమానాల్లో కూడా కట్టలు ఒకేలా ఉండవు. పెద్ద విమానంలో వైరు మొత్తం వందల కిలోమీటర్ల లెక్కలో ఉంటుంది.

బోయింగ్‌లో పరిశోధకులుగా ఉన్న టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్‌లకు ఒక ఊహ వచ్చింది. బోర్డు ఖాళీగానే ఉండనిద్దాం, డ్రాయింగును పనివాడి కళ్ల ముందు ఒక అద్దంలో చూపిద్దాం. అద్దంలోంచి బోర్డు మామూలుగా కనబడుతుంది, దాని మీద ఇప్పుడు వెయ్యాల్సిన వైరు దారి ఒక్కటే వెలుగు గీతగా కనబడుతుంది. అది వేశాక ఇంకొకటి. కట్ట మారితే బోర్డు మార్చక్కర్లేదు, కంప్యూటరులో ఫైలు మారిస్తే చాలు. 1992లో హవాయిలో జరిగిన ఒక సదస్సులో ఈ పేపరు సమర్పించారు. ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అన్న పేరు పెట్టింది వాళ్లే.

అద్దంలో బొమ్మ చూపించే విద్య అంతకుముందే ఉంది. 1968లో హార్వర్డ్‌లో ఐవన్ సదర్లాండ్ తలకు పెట్టుకునే తెర చేశాడు. తల ఎటు తిరిగిందో కొలిచే కడ్డీ సీలింగుకు వేలాడేది, గదిలో గాల్లో తేలుతున్నట్టు గీతల బొమ్మలు కనబడేవి. యుద్ధ విమానాల పైలట్లకూ ఎదురుగా ఉన్న అద్దంలో అంకెలు చూపించేవారు. కాడెల్, మైజెల్ చేసిన కొత్త పని ఏమిటంటే, దాన్ని రోజు కూలీ మీద చేసే పని దగ్గరికి తెచ్చారు. పైగా వాళ్ల వాదన తెలివైంది. మొత్తం గదిని బొమ్మగా గియ్యాలంటే పెద్ద కంప్యూటరు కావాలి. ఇక్కడ నాలుగు గీతలు, నాలుగు అక్షరాలు చాలు, చిన్న యంత్రం సరిపోతుంది. కాకపోతే ఆ గీత కచ్చితంగా పడాల్సిన చోటే పడాలి.

ఆ 'కాకపోతే' దగ్గరే బండి కూరుకుపోయింది.

ఎందుకో రోనాల్డ్ అజుమా అనే పరిశోధకుడు ఈ రంగం మీద 1997లో రాసిన సమీక్షా వ్యాసంలో లెక్క కట్టి చూపించాడు. మనం తల తిప్పాక, కంప్యూటరు ఆ సంగతి గ్రహించి బొమ్మను సర్దడానికి 100 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. తల సెకనుకు 50 డిగ్రీల చొప్పున తిరుగుతుంటే, చాచిన చేతి దూరంలో, అంటే 68 సెంటీమీటర్ల దగ్గర, గీత దాదాపు 60 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. సెకనుకు 50 డిగ్రీలు పెద్ద వేగమేమీ కాదు, పక్కనున్న వాడు పిలిస్తే మనం తిరిగే తిరుగుడు. కనెక్టరులో పిన్నుకూ పిన్నుకూ మధ్య మూడు మిల్లీమీటర్లు కూడా ఉండవు. అరవై మిల్లీమీటర్లంటే పక్క కనెక్టరులోకి, ఇంకా అదృష్టం బాగాలేకపోతే పక్క మనిషి బోర్డులోకి. ఇప్పటి యంత్రాలు ఆ ఆలస్యాన్ని బాగా తగ్గించాయి, నిజమే. కానీ వైరు పనిలో కాస్త తప్పు అనేది ఉండదు, పడితే ఒప్పు, లేకపోతే బజర్ మోగదు.

బోయింగ్ ఈ పద్ధతిని 90ల చివర్లో తన షాపులో నిజం కట్టల మీదే పరీక్షించింది. కట్టలు సరిగ్గానే తయారయ్యాయి. వేగం మాత్రం పాత బోర్డు కంటే చెప్పుకోదగ్గంత పెరగలేదు. నాకిందులో ఆశ్చర్యం లేదు. వైరు ఏ దారిన పోవాలో కంటికి క్షణంలో తెలిసిపోతుంది, మేకులే చెబుతాయి. పొద్దంతా తినేది వేళ్ల పని: తొడుగు ఒలవడం, పిన్ను నొక్కడం, ముడి వెయ్యడం. కళ్లకు ఎంత ఖరీదైన అద్దం తొడిగినా వేళ్లకు సాయం ఏముంది?

అంతకుముందే, 90ల మొదట్లో, కొలంబియా యూనివర్సిటీలో స్టీవెన్ ఫైనర్ బృందం లేజర్ ప్రింటరు రిపేరును ఇలాగే అద్దంలో చూపించింది. ఏ మూత తియ్యాలి, ఏ ట్రే లాగాలి అని గీతలతో చెప్పేది. బాగుంది. ల్యాబులోనే ఉండిపోయింది.

తర్వాత గూగుల్ గ్లాస్ అనే కంప్యూటరు కళ్లజోడు కథ అందరికీ తెలిసిందే. 2012లో చూపించారు, 1,500 డాలర్లకు అమ్మారు, కెమెరా పెట్టుకుని మనుషుల మధ్య తిరుగుతుంటే జనం తిట్టిపోశారు, 2015 జనవరిలో అమ్మకం ఆపేశారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి అధ్యాయం. బజారులో చచ్చిన సరుకు ఫ్యాక్టరీల్లో బతికింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం జాక్సన్ ఊళ్లో ట్రాక్టర్లు చేసే ఆగ్‌కో కంపెనీ వాడింది. నెదర్లాండ్స్‌లో బెర్గెన్ ఆప్ జూమ్ గోదాములో డీహెచ్ఎల్ పరీక్షించి, సామాను ఏరే పని 25 శాతం చురుకైందని చెప్పింది. ఇక వైర్ల దగ్గరికి ఎవరొచ్చారనుకున్నారు? బోయింగే. గ్లాసుతో వైరు కట్టల పని సమయం 25 శాతం తగ్గిందని ప్రకటించింది.

90ల్లో కుదరనిది ఈసారి ఎలా కుదిరింది? ఇందులో బోర్డు మీద గీత లేదు. గీత పడాల్సిన చోట పడటమన్న బెడదే లేదు. కుడి కన్ను పైమూల చిన్న తెర. అందులో వైరు నంబరు, అది పోవాల్సిన కనెక్టరు, పిన్ను. చేతిలో వైరు వదలకుండా నోటితో చెబితే తర్వాతది వస్తుంది. అంటే స్టూలు మీద కూర్చున్న మా అక్క అన్నమాట! అంతకుముందు బోయింగ్ పనివాళ్లు ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచి, వైరు కింద పెట్టి, వెతుక్కుని, మళ్లీ వైరు పట్టుకునేవాళ్లు. నేను ఒంటరిగా చదువుకుని వేసుకున్న రోజుల్లాంటివే. దాంతో పోలిస్తే 25 శాతం నేను నమ్ముతాను. చదివే మనిషి పక్కనున్న రోజుతో పోలిస్తే ఎంత తగ్గేదో మాత్రం ఎవరూ కొలిచినట్టు లేదు. ఇద్దరి జీతం ఒకరికి తగ్గడమే అసలు లాభమైతే, ఆ మాట కూడా లెక్కలో రాయాలి.

2015లో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ అనే హెడ్‌సెట్ చూపించినప్పుడు పాత కల మళ్లీ లేచి కూర్చుంది. బొమ్మ గదిలో నిలిచి ఉంటుంది, మనం చుట్టూ తిరగొచ్చు. మొదటిది 579 గ్రాములు, 3,000 డాలర్లు. 2019లో వచ్చిన రెండోది 566 గ్రాములు, 3,500 డాలర్లు. మా తమ్ముడి కూతురు పనిచేసే చోట ఆ రెండోది ఉంటే, పెట్టుకుని చూశాను.

"పెదనాన్నా, కళ్లజోడు తియ్యక్కర్లేదు, దాని మీంచే పెట్టుకోండి. ఆ చుక్కల వైపు చూడండి."

చూశాను. గది మధ్యలో ఒక పంపు నిలబడింది. చుట్టూ తిరిగాను, వంగి కింద బోల్టులు చూశాను. అద్భుతం, ఒప్పుకుంటాను. తర్వాత నా అలవాటు కొద్దీ దాన్ని బల్ల మీదికి తెమ్మన్నాను, చేతికి అందే దూరానికి. అక్కడే ఇబ్బంది మొదలైంది. చేతిలో స్క్రూడ్రైవరు స్పష్టంగా కనబడితే బొమ్మ రెండుగా చీలుతుంది, బొమ్మ మీద చూపు నిలిపితే స్క్రూడ్రైవరు మసక. నా కళ్లజోడులో దగ్గర చూపు ముక్క కింద ఉంటుంది, దాని కోసం తల ఎత్తితే బొమ్మ తెర అంచులో తెగిపోతుంది.

"అంత దగ్గర వద్దు పెదనాన్నా, కాస్త వెనక్కి జరగండి," అంది.

తప్పు నా వయసుది ఒక్కదానిదే కాదు. ఆ అద్దాల్లో వెలుగు ఎప్పుడూ 2 మీటర్ల దూరం నుంచి వస్తున్నట్టే కంటికి చేరుతుంది. ముప్పావు మీటరు దగ్గర బొమ్మ పెట్టినా, రెండు కళ్లూ ముప్పావు మీటరు దగ్గరికి వాలుతాయి, కంటి కటకం మాత్రం రెండు మీటర్లకు సర్దుకుంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరక తల పట్టుకుంటుంది. బొమ్మలు 1.25 మీటర్ల నుంచి 5 మీటర్ల మధ్య పెట్టమని, 40 సెంటీమీటర్ల కంటే దగ్గరైతే మాయం చేసెయ్యమని కంపెనీ సొంత సూచనల్లోనే ఉంది. రెండు చేతులతో చేసే పని ఏదైనా, కంసాలిదైనా, వాచీ రిపేరుదైనా, వైరుదైనా, జరిగేది ఆ 1.25 మీటర్ల గీతకు ఇవతలే.

ఇంకొకటి. ఆ అద్దం వెలుగును కలపగలదే గానీ చీకటిని గియ్యలేదు. నల్ల వైరు చూపించమంటే అది ఏమీ చూపించనట్టే. మా షాపుల్లో నల్ల వైరు వాడని ప్యానలు లేదు. బ్యాటరీ రెండు మూడు గంటలు; షిఫ్టు ఎనిమిది.

అలాగని పనికిరాదని నేననను. దూరం నుంచి సాయం చెయ్యడంలో అది బంగారం. 2020లో ప్రయాణాలు బందైనప్పుడు అమెరికాలో మెర్సిడెస్ డీలర్ల మెకానిక్కులు హోలోలెన్స్ పెట్టుకుంటే, ఎక్కడో ఉన్న నిపుణుడు వాళ్ల చూపులోంచే కారు ఇంజను చూసి, ఇదుగో ఈ పైపు అని బాణం గీసేవాడు. కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడంలోనూ మంచిదే. అవి అరగంట పనులు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అరకిలో బరువు నెత్తిన మోసే పనులు కావు. అమెరికా సైన్యానికి అసలు దెబ్బ అక్కడే తగిలింది: 2021లో పదేళ్లకు 2,188 కోట్ల డాలర్ల దాకా పోగల ఒప్పందం రాసుకుని హోలోలెన్స్ ఆధారంగా చేయించుకున్న సైనిక హెడ్‌సెట్లతో పరీక్షల్లో సైనికులకు తలనొప్పి, కళ్ల నొప్పి, వికారం వచ్చాయి. 2023 మార్చిలో గూగుల్ తన ఫ్యాక్టరీ గ్లాస్ అమ్మకం ఆపింది. 2024లో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 తయారీ నిలిపేసింది. ఆ ఏడాదే ఆపిల్ 3,499 డాలర్ల విజన్ ప్రోతో దిగింది; అది కెమెరాల్లోంచి గదిని తెర మీద చూపిస్తుంది కాబట్టి నలుపు గియ్యగలదు, బరువు మాత్రం 600 గ్రాములు దాటింది.

ఇంతకీ బోర్డులు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఏమైంది? దానికి జవాబు దొరికింది, తల మీద కాదు, బల్ల మీద. ఇప్పుడు కొన్ని వైరు కట్టల షాపుల్లో ప్లైవుడ్ బదులు పెద్ద డిజిటల్ తెరలనే బల్లగా పరుస్తున్నారు. డ్రాయింగు అసలు సైజులో ఆ తెర మీద వెలుగుతుంది, మేకుల బదులు జరుపుకునే పట్టీలు పైన నిలబెడతారు. వైరు నంబరు స్కాన్ చేస్తే ఆ ఒక్క దారి మెరుస్తుంది. కాడెల్, మైజెల్ అడిగింది అక్షరాలా ఇదే. గీత వైరు కిందే ఉంటుంది కాబట్టి తల ఎటు తిప్పినా జరగదు, చూపు ఒకే దూరంలో నిలుస్తుంది, నలుగురు నిలబడితే నలుగురికీ కనబడుతుంది. దగ్గర చూపు అద్దాల వాళ్లకూ ఇబ్బంది లేదు. కట్ట మారితే ఫైలు మారుతుంది. గోడల వెంట పలకలు లేవు.

ఆ తెరలు మన చిన్న యూనిట్లకు అందే ధరకు ఇంకా దిగలేదు. దిగేదాకా ప్లైవుడ్డే, మేకులే. లిస్టు చదివే పనికి మాత్రం ఒక పాత ఫోను చాలు: స్టాండులో పెట్టి, చెవిలో ఇయర్‌ఫోను, "తర్వాతది" అంటే తెలుగులో చదివే యాప్ ఒకటి రాసిపెట్టమని మా తమ్ముడి కూతురికి పని అప్పజెప్పాను.