నగర రచన - పొరుగువాని హక్కు

తన సొంత నేలమీద మనిషికి ఎంతవరకు హక్కు ఉన్నది? ఆ హక్కు ఎచ్చట ఆగిపోయి పొరుగువాని హక్కు మొదలవుతున్నది? పట్టణ ప్రణాళిక, భూవినియోగ మండలాలు అనే మాటలు వినగానే ఇవి ఇంజనీర్ల వ్యవహారాలని మనం ప్రక్కకు నెట్టివేస్తాము. నిజానికి వాటి మూలంలో ఉన్నవి ఈ రెండు ప్రశ్నలే.

ఇస్లామీ ధర్మశాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలను ఎంతో లోతుగా చర్చించారు. ఇతరులకు హాని కలిగించే రీతిలో ఆస్తిని వాడుకోరాదన్నది ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధమైన సూత్రం. 1334లో మరణించిన ఇబ్న్ అల్ రామీ ట్యూనిస్ నగరంలో తాపీ మేస్త్రీ. కట్టడాల తగాదాలు వచ్చినపుడు కాజీ ఆయనను పంపించి, స్థలం చూసి నివేదిక ఇమ్మనేవారు. ఆ అనుభవంతో ఆయన కట్టడాల నియమాలపై ఒక గ్రంథం వ్రాశాడు. పొగ, దుర్గంధం, చప్పుడు - ఈ మూడింటివల్ల పొరుగువారికి కలిగే బాధను అందులో విడివిడిగా విచారించాడు. ఇళ్ల మధ్య కర్మాగారం ఉండరాదని నేటి చట్టం అంటున్నదంటే, దాని వెనుక ఉన్నదీ ఈ విచారణే.

మన హైదరాబాదు కూడా ఒక ప్రణాళికతో పుట్టిన నగరమే. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ చార్మినార్‌ను కేంద్రంగా చేసుకొని నాలుగు దిక్కులకు నాలుగు మార్గాలు తీయించాడు. నగరానికి రూపం ఇచ్చిన ఆయనే ఖబరస్తాన్‌కు సైతం స్థలం ఏర్పరచాడు. దాయరా మీర్ మోమిన్ అదే. బ్రతికినవారి వీధులతోపాటు మరణించినవారి చోటును కూడా ఆలోచించడం ఇక్కడ గమనించదగినది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలని, నగరంలో మురుగునీటి వ్యవస్థ ఏర్పరచాలని సలహా ఇచ్చారు. ఆ ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. 1912లో నెలకొన్న నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, క్రొత్త ఇళ్లు కట్టించింది.

అయితే చెరువు కట్టడంతో పని తీరదు. ఆ చెరువుకు నీరు వచ్చే నేలను కాపాడడం మరొక పని. అందుకే 1996 మార్చిలో ప్రభుత్వం జీవో 111 జారీ చేసింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69, నీటి నాణ్యత చెడరాదన్న షరతుతో ఆ ఆంక్షలను తొలగించింది. నీరు త్రాగే నగరవాసి ఒకవైపు, భూమి ధర పెరగక నష్టపోయామన్న గ్రామస్థుడు మరొకవైపు. ఇద్దరిదీ హక్కే. వాటిని తూచడమే పరిపాలన.

ఈ తూకం ఎలా జరుగుతుంది? మద్రాసు రాష్ట్రంలో 1920లో వచ్చిన నగర ప్రణాళిక చట్టం తరువాత తెలంగాణకూ విస్తరించింది. పురపాలక సంఘం తరఫున మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారవుతుంది. ఏ సర్వే నంబరు నివాసానికి, ఏది వ్యాపారానికి, ఏది పరిశ్రమకు, ఏది సేద్యానికి అన్నది అందులో రంగులతో చూపుతారు. ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలు కోరుతారు. వాటిని పరిశీలించిన పిదప ప్రభుత్వం ఆమోదిస్తే అది శాసనబద్ధమవుతుంది. ఆ తరువాత మార్చాలంటే మళ్లీ ప్రకటన, మళ్లీ అభ్యంతరాలు, మళ్లీ ఉత్తర్వు.

ప్రజలకు అసలు అవకాశం ముసాయిదా దశలోనే ఉన్నది. కామారెడ్డి రైతులు దానిని చాటిచూపారు. తమ పంటపొలాలను పారిశ్రామిక మండలంలో చేర్చారని తెలిసి వారు ఉద్యమించగా, 2023 జనవరి 20న కౌన్సిల్ ఆ ముసాయిదా రద్దుకు తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ అదే జరిగింది.

బిజినేపల్లి వంటి చోట్ల సమస్య మరొక రూపంలో వస్తుంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన మండల కేంద్రం ఇది. ఇటువంటి రోడ్డుప్రక్క ఊళ్లలో పొలాలు ప్లాట్లుగా మారేటపుడు రెండు అనుమతులు కావాలి. వ్యవసాయ భూమిని ఇతర అవసరానికి మార్చడానికి 2006 నాటి చట్టం క్రింద రెవెన్యూ శాఖ అనుమతి ఒకటి. సాంకేతిక అధికారుల పరిశీలనతో కూడిన లేఅవుట్ అనుమతి రెండవది. మొదటిది ఉంటే రెండవది ఉన్నట్లు కాదు. రెండవది లేని ప్లాటు కొన్నవారికి పార్కు ఉండదు, మురుగుకాలువ ఉండదు. తీరా ఇల్లు కట్టబోతే అనుమతి దొరకదు.

మరొక మాట. పల్లెలలో ఖబరస్తాన్‌కు, ఈద్‌గాహ్‌కు దారి చాలాచోట్ల పొలాల గట్లమీదనే ఉంటుంది. అది వాడుకలో ఉన్నది గాని కాగితంలో ఉండదు. పొలం ప్లాట్లయిన నాడు గట్టు గోడ అవుతుంది. వక్ఫ్ స్థలం రికార్డులో ఉన్నంత మాత్రాన దానికి వెళ్లే బాట రికార్డులో ఉన్నట్లు కాదు. జనాజాను ఏ బాటన తీసుకొనిపోవాలన్న ప్రశ్న ఆనాడు పుడితే ఆలస్యమైపోతుంది.

కనుక మస్జిద్ కమిటీలు, గ్రామ పెద్దలు లేఅవుట్ నక్షాను పంచాయతీలో అడిగి చూడాలి. బాటను సర్వే చేయించి నక్షాలో గుర్తింపజేయాలి. అభ్యంతరం ఉంటే గడువులోపల లిఖితపూర్వకంగా ఇచ్చి రశీదు పొందాలి. హిందువుల శ్మశానపు బాట, చెరువు కాలువ, పశువుల డొంక కూడా ఇదే ఆపదలో ఉన్నవి కనుక ఈ పని ఊరంతా కలిసి చేయవలసినది. పొరుగువాని హక్కును కాపాడినపుడే మన హక్కు నిలుస్తుంది.