కొరియన్ మూవీస్: ‘అన్‌కట్ హెచ్‌డీ’ అని కనిపిస్తే క్లిక్ చేసేస్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

కె-డ్రామాలతో మొదలైన క్రేజ్ ఇప్పుడు కొరియన్ సినిమాల దాకా వచ్చింది. పెద్దల కోసం తీసిన రొమాంటిక్ కామెడీలు అనగానే చాలామంది ఫోన్‌లో ‘అన్‌కట్ హెచ్‌డీ’ అని వెతుకుతుంటారు. నిజానికి చాలాసార్లు అధికారిక ఓటీటీలో ఉన్నదే పూర్తి సినిమా. బొమ్మ మసకగా ఉందంటే అది మీ ప్లాన్ వల్లో, ఫోన్ వల్లో కావచ్చు.

కొరియాలో సెన్సార్ ఉందా?

సినిమాలకు ముందస్తు సెన్సార్ రాజ్యాంగ విరుద్ధమని దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం 1996లో తేల్చేసింది. ఇప్పుడు కొరియా మీడియా రేటింగ్ బోర్డ్ వయసును బట్టి రేటింగ్ ఇస్తుంది. పెద్దల కేటగిరీ సినిమాలకు నిర్ణీత వయసులోపు వాళ్లకు నో ఎంట్రీ. రాంగ్ కాల్‌తో మొదలయ్యే ‘మై పీఎస్ పార్ట్‌నర్’ (2012), నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘లవ్ అండ్ లీషెస్’ (2022) ఈ కోవలోవే.

మరి కట్స్ ఎక్కడ పడతాయి?

పెద్దల రేటింగ్ పైన ‘పరిమిత ప్రదర్శన’ అనే మెట్టు ఇంకోటి ఉంది. ఆ సినిమాలను ప్రత్యేక థియేటర్లలోనే వేయాలి. అలాంటి థియేటర్లు దాదాపు లేవు. దీంతో నిర్మాతలే సీన్లు సరిచేసి మళ్లీ బోర్డు ముందుకు వెళ్తారు. 70 ఏళ్లు దాటిన జంట ప్రేమకథ ‘టూ యంగ్ టు డై’ (2002)కి ఇదే జరిగింది. మొదట పరిమిత ప్రదర్శన రేటింగ్ వచ్చింది. పడకగది సీన్‌ను చీకటిగా మార్చాకే పెద్దల రేటింగ్‌తో థియేటర్లకు వచ్చింది. అంటే మార్పులు జరిగేది రిలీజ్‌కు ముందే!

మన దగ్గర రూల్స్ ఏంటి?

థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ తప్పనిసరి. ఓటీటీలకు అది అక్కర్లేదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీ సంస్థలే వయసు రేటింగ్ వేసుకోవాలి. ‘ఎ’ రేటింగ్ ఉంటే వయసు నిర్ధారించే ఏర్పాటు కూడా ఉండాలి. సినిమా కట్ అయిందేమోనని డౌట్ ఉంటే యాప్‌లో చూపించే నిడివిని అసలు నిడివితో పోల్చి చూడండి.

క్వాలిటీ ఎందుకు తగ్గుతుంది?

* ప్లాన్: నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో ప్రకటించిన ధరల ప్రకారం రూ.149 మొబైల్ ప్లాన్‌లో వచ్చేది 480పీ మాత్రమే. రూ.499కి 1080పీ, రూ.649కి 4కె.
* ఫోన్: ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘వైడ్‌వైన్ ఎల్1’ లేకపోతే ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా హెచ్‌డీ రాదు. నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లోని ‘ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్’లో ఇది కనిపిస్తుంది.
* నెట్: 1080పీకి కనీసం 5 ఎంబీపీఎస్ స్పీడ్ కావాలి. హెచ్‌డీలో గంటకు 3 జీబీ వరకు డేటా అయిపోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వాడేవాళ్లు వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోవడం బెటర్.

ఫ్రీ లింకులతో జాగ్రత్త

‘అన్‌కట్’ పేరుతో వచ్చే టెలిగ్రామ్ లింకులు, గుర్తు తెలియని ఏపీకే ఫైళ్లతో అసలు ముప్పు ఉంది. ఇన్‌స్టాల్ చేయగానే ఎస్‌ఎంఎస్, కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగితే అనుమానించాల్సిందే. ఓటీపీ మెసేజ్‌లు వాళ్ల చేతికి చిక్కితే బ్యాంక్ ఖాతాకే ఎసరు. సినిమా చూడటానికి ఎస్‌ఎంఎస్‌లతో పనేంటి? మరోవైపు పైరసీపై చట్టం కూడా గట్టిగానే ఉంది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమాను అక్రమంగా రికార్డ్ చేసినా, ప్రసారం చేసినా 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, కనీసం రూ.3 లక్షల జరిమానా.

ఇంట్లో పిల్లలు అదే ఫోన్ వాడుతుంటే మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టుకోవడం, వాళ్లకు వేరే కిడ్స్ ప్రొఫైల్ ఇవ్వడం మర్చిపోకండి.