వెండి రేణువులు, వెలుగు లెక్కలు

ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలను దగ్గరగా చూడండి. దుస్తుల మీది కుట్టుపని, కుర్చీ చెక్కడం... ఎక్కడా గరుకు కనబడదు. ఆ నెగటివ్‌లు పెద్ద గాజు పలకలు. పలక ఎంతో ప్రింటూ అంతే. వెండి రేణువులు అప్పుడూ ఉన్నాయి, కంటికి ఆనలేదంతే.

1925లో లైకా కెమెరా వచ్చాక కథ మారింది. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన ఆ చిన్న కెమెరా 24 బై 36 మిల్లీమీటర్ల నెగటివ్ ఇచ్చేది. గోడకు తగిలించే ప్రింటు కావాలంటే ఎన్‌లార్జర్‌తో పది రెట్లు పెంచాలి. దాంతో గ్రెయిన్, అంటే ఆ రేణువుల గరుకు, బయటపడింది. డార్క్‌రూమ్‌లో ఫోకస్ సరిచూసేవాళ్లు భూతద్దంలో వెతికేది ఈ గ్రెయిన్‌నే. అది పదునుగా కనిపిస్తేనే ఫోకస్ కుదిరినట్టు.

తక్కువ వెలుతురులో పనిచేసే ఫిల్మ్ మరీ గరుకు. సిల్వర్ హాలైడ్ స్ఫటికానికి కాసిని కాంతి కణాలు తగిలితే చాలు, డెవలపర్‌లో అదంతా నల్లటి వెండి అవుతుంది. స్ఫటికం ఎంత పెద్దదైతే వెలుగు అంత బాగా చిక్కుతుంది. 1954లో 35 ఎంఎం రోళ్లుగా వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్‌తో పత్రికా ఫొటోగ్రాఫర్లు ఫ్లాష్ లేకుండానే రాత్రి వీధుల్లో ఫొటోలు తీశారు. ఆ గరుకును వాళ్లు సంతోషంగా భరించారు.

1975లో అదే కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరా, 100 బై 100 చుక్కల బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. ఇక్కడ స్ఫటికాలు లేవు, లెక్కింపు ఉంది. వెలుగు వాన చినుకుల్లా పడుతుంది, పక్కపక్క గిన్నెల్లో సమానంగా పడదు. సగటున 10,000 కాంతి కణాలు పడేచోట తేడా 100 దాకా, అంటే 1 శాతం. 100 మాత్రమే పడే నీడలో తేడా 10, అంటే 10 శాతం. పెళ్లి మండపం ఫొటోలో దీపాల దగ్గర నున్నగా ఉండి, మూలల్లో నాయిస్ అనే చుక్కలు తేలేది ఇందుకే. కెమెరాలో ఐఎస్‌ఓ సెట్టింగ్ పెంచితే కొత్త వెలుగు రాదు, ఉన్న లెక్కే తప్పుతో సహా పెరుగుతుంది.

గ్రెయిన్, నాయిస్ రెండింటికీ మూలం వెలుగు కరువే. అయినా రెండింటినీ ఒకేలా తుడిచేయడం అన్యాయం. నాయిస్ కొలతలో వచ్చే తేడా, జాగ్రత్తగా తగ్గిస్తే బొమ్మకు మేలే. నలుపు తెలుపు ఫిల్మ్‌లో మాత్రం ముక్కూ కన్నూ నవ్వూ అన్నీ ఆ వెండితో ఏర్పడ్డవే. పాత సినిమాలను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ గ్రెయిన్‌ను నాయిస్‌గా లెక్కగట్టి తుడిస్తే, చర్మం మీది ముడతలూ చీర నేతా దాంతోపాటే పోతాయి. 2018లో వచ్చిన ఏవీ1 వీడియో పద్ధతిలో గ్రెయిన్‌ను తీసేసి, చూసేవారి తెర మీద మళ్లీ కృత్రిమంగా చల్లే వీలుంది. డేటా ఆదాకు అది పనికొస్తుంది, భద్రపరచడానికి పనికిరాదు. దుమ్మూ గీతలూ తొలగించండి. నెగటివ్ నుంచి స్కాన్ చేసిన అసలు ఫైలును మాత్రం గ్రెయిన్‌తో సహా విడిగా దాచండి.