కొండల్లో సర్వో మోటారు: మాచ్‌ఖండ్ నుంచి తొమ్మిది గ్రాముల దాకా

సర్వో మోటారు అనగానే జలవిద్యుత్ కేంద్రాల్లో పనిచేసిన మన మిత్రులకు గుర్తొచ్చేది కరెంటుతో తిరిగే మోటారు కాదు. టర్బైన్ పక్కన నూనె జిడ్డుతో మెరుస్తూ ఉండే లావుపాటి ఇనుప సిలిండరు, దాని లోపల పిస్టన్. ఇప్పుడు మన మనవలు అదే పేరుతో అగ్గిపెట్టె కంటే చిన్న వస్తువును తెచ్చి అరచేతిలో పెడుతున్నారు. దాని బరువు 9 గ్రాములు. ఈ రెండూ ఒకే వంశానివంటే ఇంట్లోవాళ్లు నమ్మరు.

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు ఈ వంశ చరిత్రే రాద్దామనిపించింది. అందుకు కారణం ఉంది. రెండేళ్లుగా అరకు దగ్గర ఒక గిరిజన పాఠశాలలో పిల్లలు కాఫీ పండ్లు వేరుచేసే చిన్న యంత్రం కట్టుకుంటుంటే, దానికి మోటార్లు ఎంచడంలో సాయపడుతున్నాను. అక్కడ నాకు అక్కరకొచ్చింది గవర్నరు దగ్గర నేర్చిన పాత విద్యే.

ముందు పేరు సంగతి. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్ల గవర్నరు అమర్చాడు. వేగం పెరిగితే గుండ్లు దూరం జరిగి ఆవిరి తగ్గించేవి, వేగం తగ్గితే దగ్గరికి వచ్చి ఆవిరి పెంచేవి. చిన్న కవాటాన్ని కదపడానికి గుండ్ల బలం చాలు. పెద్ద ఓడ చుక్కాని తిప్పాలన్నా, పెన్‌స్టాకులో దూకే నీటికి అడ్డంగా గేట్లు మూయాలన్నా ఆ బలం ఎటూ చాలదు. అందుకని ఆజ్ఞ ఒకరిది, బలం మరొకరిది అన్న ఏర్పాటు వచ్చింది. ఫ్రాన్స్‌లో ఫార్కో అనే ఇంజనీరు ఓడల చుక్కానుల కోసం ఇలాంటి యంత్రాలు చేసి, 1873లో వాటి మీద పుస్తకం వేశాడు. సర్వో మోటారు అన్న పేరు ఆయన పెట్టిందే. లాటిన్‌లో సర్వుస్ అంటే దాసుడు. మన భాషలో బంటు మోటారు అనుకోవచ్చు. నాకైతే ఈ పేరే బాగుంది.

ఈ బంటు మన కొండల్లోకి మాచ్‌ఖండ్‌తో వచ్చాడు. మాడుగుల కొండల్లో పుట్టి పాడేరు, ముంచంగిపుట్టు వైపు పారే మత్స్యగెడ్డ ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ అవుతుంది, ఇంకా దిగువకు పోతే సీలేరు అవుతుంది. డుడుమ దగ్గర నది ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది. ఆ ఎత్తును వాడుకోవాలని అప్పటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి పథకం వేశాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు వాటా మనకు వచ్చింది. 1955లో రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ దీన్ని ప్రారంభించారు. 1959 నాటికి ఆరు యంత్రాలూ నడిచాయి. 17 మెగావాట్లవి మూడు, 21.25 మెగావాట్లవి మూడు, మొత్తం 114.75 మెగావాట్లు. ఇవాళ ఒక్క థర్మల్ యూనిట్ ముందు ఈ అంకె చిన్నదే. ఆ రోజుల్లో మాత్రం కోస్తా జిల్లాలకు ఇదే పెద్ద దిక్కు. ఒనకఢిల్లీలో కొండ మీది నుంచి పవర్‌హౌస్‌కు వించి మీద దిగినవాళ్లకు ఆ లోతు గుర్తుండే ఉంటుంది. జోలాపుట్టు జలాశయం కింద భూములు పోగొట్టుకున్న గిరిజనుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాళ్ల నీటితో పుట్టిన కరెంటు మైదానానికి ముందు చేరింది. కొండ మీది చాలా పల్లెలకు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

తర్వాత అదే నీటి మీద ఎగువ సీలేరులో 60 మెగావాట్ల యంత్రాలు రెండు 1967-68లోనూ, మరో రెండు 1994-95లోనూ, దిగువ సీలేరులో 115 మెగావాట్లవి నాలుగు 1976-78లోనూ వచ్చాయి. యంత్రం ఎంత పెద్దదైనా దాని పక్కన ఒక బంటు ఉండాల్సిందే.

ఆ బంటు చేసే పని కుటుంబసభ్యుల కోసం కాస్త వివరిస్తాను. ఫ్రాన్సిస్ టర్బైన్ చుట్టూ కిటికీ రెక్కల్లాంటి గేట్లు ఉంటాయి. ఊళ్లో దీపాలు ఎక్కువ వెలిగితే యంత్రం వేగం కొంచెం తగ్గుతుంది. అంటే 50 సైకిళ్ల కంటే కిందికి జారుతుంది. గవర్నరు అది పసిగట్టి పైలట్ వాల్వును వెంట్రుకవాసి కదుపుతుంది. ఆ సందులోంచి ఒత్తిడి మీదున్న నూనె సర్వో మోటారులోకి వెళ్లి పిస్టన్‌ను తోస్తుంది, గేట్లు తెరుచుకుంటాయి. గేట్లు ఎంత తెరుచుకున్నాయో చెప్పే మీటల వరుస ఒకటి వెనక్కి వచ్చి పైలట్ వాల్వును మళ్లీ మూస్తుంది. కిటుకంతా ఈ వెనక్కి వచ్చే కబురులో ఉంది. అది లేకపోతే గేట్లు అవసరానికి మించి తెరుచుకుంటాయి, తర్వాత అవసరానికి మించి మూసుకుంటాయి. ఈ ఊగిసలాటనే మనం హంటింగ్ అనేవాళ్లం. గవర్నర్లలో ఇది ఎందుకు వస్తుందో మాక్స్‌వెల్ 1868లోనే లెక్క కట్టాడు.

అప్పట్లో మంచి సర్వో అంటే ఏమిటి? బలం గురించి ఎవరూ ఎక్కువ అడిగేవారు కాదు, అది డ్రాయింగులోనే తేలిపోయేది. అడిగేది మీటల పిన్నుల్లో ఎంత ఆట ఉందని. పిన్ను అరిగి అర మిల్లీమీటరు వదులైతే గవర్నరు చెప్పిన మాట గేటుకు చేరేసరికి మారిపోతుంది. తర్వాత చూసేది నూనె శుభ్రంగా ఉందా అని. అన్నింటికంటే ముఖ్యం ఒత్తిడి ట్యాంకు. పంపు ఆగిపోయినా గేట్లు పూర్తిగా మూయడానికి సరిపడా నూనె, దాని మీద గాలి ఒత్తిడి ఎప్పుడూ నిల్వ ఉండాలి. గంటగంటకూ లాగ్‌బుక్కులో రాసే ఆ అంకె మీదే మన షిఫ్టు నిద్ర ఆధారపడేది.

ఇప్పుడు 9 గ్రాముల బంటు దగ్గరికి వద్దాం. అరకు పిల్లల యంత్రం సులభమైనదే. కాఫీ పండ్లు ఒక్కొక్కటిగా జారుతూ రంగు చూసే కన్ను ముందుకు వస్తాయి. ఎర్రగా పండింది ఒక వైపు, పచ్చిది ఇంకో వైపు పోవాలి. దారి మార్చే చిన్న తలుపును సర్వో తిప్పుతుంది. మన భాషలో చెప్పాలంటే అదీ గేటే.

చిన్న సర్వో డబ్బా విప్పితే లోపల బుల్లి మోటారు, నాలుగైదు పళ్లచక్రాలు, ఒక పొటెన్షియోమీటరు, చిన్న సర్క్యూటు బోర్డు. పొటెన్షియోమీటరు మన వెనకటి మీటల వరుస చేసిన పనే చేస్తుంది, ఇరుసు ఎక్కడుందో కబురు పంపుతుంది. ఆజ్ఞ వచ్చేది కరెంటు పల్సు రూపంలో. పల్సు నిడివి సుమారు 1 మిల్లీసెకను ఉంటే ఒక కొస, 2 ఉంటే మరో కొస, 1.5 అయితే మధ్య. ఈ పల్సు 20 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది, అంటే సెకనుకు 50 సార్లు. మన పాత 50 సైకిళ్లే! ఇది కాకతాళీయమే గాని, చూసినప్పుడు నాకు భలే సంతోషమేసింది.

పిల్లలు మొదట ఒక దుకాణంలో అన్నింటికంటే చవకవి మూడు కొన్నారు. వారంలోగా రెండింటి ప్లాస్టిక్ పళ్లు ఊడాయి. అరకు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాట, దారంతా ఘాటే. మోటారు ధర కంటే దాన్ని తేవడానికి అయ్యే బస్సు ఛార్జీ ఎక్కువ. సైన్సు ప్రదర్శనకు పద్దెనిమిది రోజులుంది, చేతిలో డబ్బు మరో రెండు మోటార్లకే ఉంది. అందుకే ఈసారి పరీక్షించి కొనాలని కూర్చున్నాం.

ముందు లెక్క. ఈ తరగతి మోటార్లకు సాధారణంగా రాసే బలం 1.8 కిలో సెంటీమీటర్లు. అంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 1.8 కిలోలు, మూడు సెంటీమీటర్ల దూరంలో 600 గ్రాములు. కానీ అది మోటారు కదలలేక నిలిచిపోయే చోటి బలం. రోజూ వాడుకోవలసింది అందులో మూడో వంతే అని నా లెక్క. పిల్లల తలుపు పొడవు ఆరు సెంటీమీటర్లు ఉండేది. నాలుగుకు తగ్గించమన్నాను. గొణిగారు గాని తగ్గించారు.

తర్వాత ఆట. మోటారుకు కరెంటిచ్చి మధ్యలో నిలబెట్టి, చేతిని వేలితో మెల్లగా అటూ ఇటూ కదిపి చూడాలి. చేతికి పొడవాటి చీపురుపుల్ల అంటించి వెనక కాగితం పెడితే వదులు స్పష్టంగా కనిపిస్తుంది. అదే కాగితం మీద ఇంకో పరీక్ష: ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి ఒకే కోణానికి రమ్మని యాభై సార్లు ఆజ్ఞ ఇచ్చి ప్రతిసారీ గీత గీయాలి. గీతలన్నీ ఒక్కటైతే మంచి బంటు. రెండు గుంపులుగా విడిపోతే పళ్లలో ఆట ఉన్నట్టు. చెల్లాచెదురైతే పొటెన్షియోమీటరు సరిగా లేనట్టు. ఆగిన చోట వణుకుతూ గీపెడుతుంటే మనకు తెలిసిన హంటింగే. అరగంట బరువు మోయించి డబ్బాను చెంపకు ఆనించి చూడాలి. ఆనించలేనంత వేడెక్కితే వద్దు.

లోహపు పళ్లున్నవి మేలేనా అని పిల్లలు అడిగారు. తలుపుకు పండు తగిలి దెబ్బలు పడే చోట మేలే. అయితే లోహపు పళ్లున్నంత మాత్రాన ఆట తక్కువని కాదు, పరీక్ష మానకూడదు. బరువు నాలుగైదు గ్రాములు పెరుగుతుంది. కదిలే చేయి చివర పెట్టాలంటే అది ఆలోచించాలి, మన తలుపుకు అక్కర్లేదు.

అసలు చిక్కు మోటారులో కాదు, కరెంటులో దొరికింది. మోటారు కదలబోయే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. బోర్డుకూ మోటారుకూ ఒకే బ్యాటరీ పెట్టడంతో ఓల్టేజి పడిపోయి బోర్డు చేసే పని మరిచి మళ్లీ మొదటికి వచ్చేది. పిల్లలు మోటారును తిట్టుకున్నారు. వాళ్లకు ఒత్తిడి ట్యాంకు కథ చెప్పాను. మోటారుకు వేరే బ్యాటరీ పెట్టి, రెండింటి నెగటివ్ తీగలు కలిపి, మోటారు దగ్గరే ఒక పెద్ద కెపాసిటరు వేశాం. కెపాసిటరంటే మన ఒత్తిడి ట్యాంకే కదా తాతగారూ, అంది ఎనిమిదో తరగతి అమ్మాయి. డిజైను ఆఫీసులో కూడా ఇంత త్వరగా అర్థమైనవాళ్లను నేను ఎక్కువ మందిని చూడలేదు.

పరీక్ష నెగ్గిన రెండు మోటార్లలో ఒకటి యంత్రంలో ఉంది, రెండోది స్పేరుగా అగ్గిపెట్టెలో ఉంది. ప్రదర్శన రోజంతా తలుపు ఆగకుండా నడిచింది. పొగమంచు పట్టిన ఉదయాల్లో మాత్రం ఆ రంగు చూసే కన్ను ఇంకా తడబడుతోంది, పచ్చివాటిని ఎర్రవంటోంది. దానికి చిన్న దీపం అమర్చే పని నడుస్తోంది.

మాచ్‌ఖండ్, సీలేరు గవర్నర్ల మీద పనిచేసిన మిత్రుల దగ్గర పాత డ్రాయింగులు, సర్వో మోటారు ఫొటోలు ఉంటే సంఘం కార్యాలయానికి జిరాక్సు పంపండి. ఆ పిల్లలు పెద్ద బంటు బొమ్మ చూస్తామని అడుగుతున్నారు.