వజ్రపు ముద్ర - అతిధ్వని సాక్ష్యం

కుండ కొనేవారు ముందుగా దానిని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. పగులు ఉన్న కుండ బొంగురుగా మోగుతుంది. మోత లోపలి పగులును పట్టి ఇస్తున్నది, సరే. లోహపు ఉపరితలం ఎంత కఠినమైనదో కూడా అది చెప్పగలదా? ఈ ప్రశ్నకు సమాధానం రావడానికి చాలా కాలం పట్టింది.

1900 సంవత్సరంలో స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ ఒక పద్ధతిని ప్రకటించాడు. 10 మిల్లీమీటర్ల ఉక్కు గుండును 3,000 కిలోగ్రాముల భారంతో లోహంపై నొక్కి, ఏర్పడిన గుంట వ్యాసాన్ని కొలవాలి. మెత్తని లోహంలో గుంట పెద్దది. కాని మిక్కిలి కఠినమైన ఉక్కుపై గుండే నలుగుతుంది. అందుచేత 1920 తరువాత ఇంగ్లండులో వికర్స్ సంస్థకు చెందిన స్మిత్, శాండ్లండ్ గుండుకు బదులు వజ్రపు పిరమిడ్‌ను వాడారు.

చిక్కు మాత్రం పూర్తిగా తీరలేదు. గుంటను సూక్ష్మదర్శినితో చూసి కొలవవలసినదే. మా ప్రయోగశాలలో ఒకే గుంటకు ఇద్దరు విద్యార్థులు రెండు కొలతలు వ్రాయడం కద్దు. పైగా పెద్ద పళ్ళచక్రాన్ని యంత్రం కిందికి తేలేము. ముక్క కోసి పరీక్షిస్తే చక్రం చెడుతుంది. పరీక్షించక వదిలితే, మెత్తబడిన పన్ను పనిలో అరిగిపోతుంది.

1961లో క్లాస్ క్లీసాటెల్ దీనికి మార్గం చూపాడు. సన్నని లోహపు కడ్డీ కొనకు వికర్స్ వజ్రాన్ని అమర్చి, కడ్డీని సెకనుకు సుమారు 70 వేల సార్లు కంపింపజేస్తారు. ఇవి మన చెవికి అందని అతిధ్వని కంపనాలు. వజ్రాన్ని లోహంపై నొక్కగానే కడ్డీ పౌనఃపున్యం పెరుగుతుంది. లోహం ఎంత మెత్తనిదైతే వజ్రం అంత లోతుకు దిగుతుంది, స్పర్శతలం అంత విస్తరిస్తుంది, పౌనఃపున్యం అంత హెచ్చుతుంది. గుంటను కంటితో చూడనక్కరలేదు.

అయితే ఈ మార్పు స్పర్శతలంతో పాటు స్థితిస్థాపకతపై కూడా ఆధారపడుతుంది. అల్యూమినియం స్థితిస్థాపక గుణకం ఉక్కులో సుమారు మూడవ వంతు. ఉక్కుకు సరిచూసిన పరికరంతో అల్యూమినియాన్ని కొలిస్తే, అది ఉన్నదానికంటె కఠినమైనదిగా కనిపిస్తుంది. కనుక ప్రతి జాతి లోహానికి పరికరాన్ని వేరుగా సరిచూడాలి.

స్థితిస్థాపకతను కొలవడానికీ అతిధ్వనులే తోడ్పడినవి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన సూరి భగవంతం, భీమసేనాచార్ వజ్రపు పలకల గుండా అతిధ్వనులను పంపి, వాటి వేగాన్ని బట్టి వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలను నిర్ణయించారు. ఆ ఫలితాలు 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. లోహాన్ని పరీక్షించే వజ్రాన్నే మనవారు అంతకు ముందు ధ్వనితో పరీక్షించారన్నమాట.