హాలోవీన్‌కు ప్రత్యామ్నాయాలు: పిల్లలున్న కుటుంబాలు ఎంచుకుంటున్న మార్గాలు

ఏటా అక్టోబర్ 31 సాయంత్రం అమెరికా, కెనడా, ఐర్లాండ్, బ్రిటన్ తదితర దేశాల్లో జరుపుకొనే వేడుక హాలోవీన్. నవంబర్ 1న క్రైస్తవులు పాటించే సకల పరిశుద్ధుల పండుగకు ముందు రాత్రి కావడంతో దీనికి ఆ పేరు వచ్చింది. పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ కెల్టిక్ ప్రజలు జరుపుకొన్న ప్రాచీన పండుగలో దీని మూలాలున్నాయని చెబుతారు. ఐర్లాండ్‌లో టర్నిప్ దుంపను తొలిచి అందులో దీపం పెట్టే ఆచారం, వలసదారులతో అమెరికా చేరిన తరువాత గుమ్మడికాయకు మారింది. పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ నేడు ఈ వేడుకకు ప్రధాన లక్షణం.

ఈ పద్ధతి అన్ని కుటుంబాలకూ సరిపడదు. దయ్యాలు, మంత్రగత్తెల ప్రస్తావన పట్ల కొందరికి మతపరమైన అభ్యంతరం ఉంది. కొందరు పిల్లలు చీకటిని, ముసుగులను, హఠాత్తుగా వినిపించే అరుపులను తట్టుకోలేరు. ఆహార అలర్జీలున్న పిల్లలకు సంచిలో పడే ప్రతి మిఠాయీ సందేహాస్పదమే. అలాగని ‘మన ఇంట్లో ఇది లేదు’ అని ఒక్క మాటతో ముగించినా సమస్య తీరదు. మరునాడు బడిలో అందరూ తమ వేషాల గురించి చెప్పుకుంటుంటే ఆ పిల్లవాడు ఒక్కడే మౌనంగా కూర్చోవలసి వస్తుంది. అందుచేత నిషేధం కన్నా ఆ సాయంత్రానికి మరొక కార్యక్రమం కల్పించడమే మేలని చాలామంది తల్లిదండ్రులు భావిస్తున్నారు.

నీలి పచ్చ గుమ్మడికాయ

వీటన్నిటిలో ఎక్కువ ఆలోచనతో రూపుదిద్దుకున్నది ‘టీల్ పంప్‌కిన్’ విధానమని చెప్పవచ్చు. టెనెసీ రాష్ట్రంలో స్థానికంగా మొదలైన ఈ ఆలోచనను ‘ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్’ అనే సంస్థ 2014లో దేశవ్యాప్త కార్యక్రమంగా మార్చింది. వాకిట్లో నీలి పచ్చ రంగు వేసిన గుమ్మడికాయ కనిపిస్తే, ఆ ఇంట తినుబండారాలతో పాటు పెన్సిళ్లు, స్టిక్కర్లు, చిన్న బంతుల వంటి బహుమతులు కూడా ఇస్తారని అర్థం. అమెరికాలో సుమారు 13 మంది పిల్లల్లో ఒకరికి ఆహార అలర్జీ ఉందన్నది ఆ సంస్థ తరచూ పేర్కొనే లెక్క. వేరుశనగ, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, బాదం, జీడిపప్పు వంటివి ఇందుకు ముఖ్య కారణాలు. ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన చిక్కు ఒకటుంది. హాలోవీన్ కోసం అమ్మే చిన్న పరిమాణపు చాక్లెట్లలో పదార్థాలు అదే పేరుతో వచ్చే పెద్ద చాక్లెట్లలోని వాటికి భిన్నంగా ఉండవచ్చు. విడి చాక్లెట్ల కాగితంపై పదార్థాల జాబితా లేకపోవడమూ సాధారణమే. అందువల్ల ‘ఇంతకుముందు తిన్నదే కదా’ అన్న ధీమా పనికిరాదు.

ఈ పద్ధతిలోని మంచి ఏమిటంటే, అలర్జీ ఉన్న బిడ్డ ఇంట్లో ఆగిపోనక్కరలేదు. అందరితో పాటు నడుస్తాడు, అందరిలాగే తలుపు తడతాడు. సంచిలో పడే వస్తువు మాత్రమే మారుతుంది.

మిఠాయికి బదులు నాణెం

1950లో ఫిలడెల్ఫియా ప్రాంతానికి చెందిన మేరీ ఎమ్మా ఆలిసన్, ఆమె భర్త క్లైడ్ ఆలిసన్ తమ పిల్లలను పాల డబ్బాలతో ఇంటింటికీ పంపి, మిఠాయిలకు బదులు చిల్లర నాణేలు సేకరింపజేశారు. ఆ సొమ్మును యునిసెఫ్‌కు పంపారు. తరువాతి కాలంలో నారింజ రంగు అట్ట పెట్టెలతో ఇది అమెరికా పాఠశాలల్లో స్థిరపడింది. వేషం, నడక, తలుపు తట్టడం అన్నీ ఉంటాయి. పిల్లవాడు అడిగేది మాత్రం తన కోసం కాదు. మిగిలిపోయిన మిఠాయిలను దంత వైద్యశాలలు తూకం వేసి కొనుగోలు చేసి, విదేశాల్లో విధులు నిర్వర్తించే సైనికులకు పంపే ఆనవాయితీ కూడా కొన్ని పట్టణాల్లో ఉంది.

చర్చిలు, పాఠశాలలు ఎక్కువగా ఆశ్రయించే మార్గం ‘ట్రంక్ ఆర్ ట్రీట్’. పార్కింగ్ స్థలంలో కార్లను వరుసగా నిలిపి, డిక్కీలను అలంకరిస్తారు. పిల్లలు ఒక కారు నుంచి మరో కారుకు వెళ్లి మిఠాయిలు తీసుకుంటారు. రోడ్డు దాటే పని ఉండదు. అయితే ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకొని, ఏడాదంతా పలకరించని వారు సైతం ఒక్క సాయంత్రం నవ్వుతూ నిలబడడం హాలోవీన్‌లోని అసలు విశేషం. పార్కింగ్ స్థలంలో అదే పోతుంది.

భయపడవలసింది దేనికి?

అపరిచితులు మిఠాయిల్లో విషం కలుపుతారన్న భయంతో అనేక కుటుంబాలు ఈ వేడుకకు దూరంగా ఉంటున్నాయి. డెలావేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దాల వార్తలను పరిశీలించి, ఇంటింటికీ తిరిగి తెచ్చుకున్న మిఠాయిల్లో అపరిచితుడు కలిపిన విషంతో పిల్లలు మరణించినట్లు రుజువైన ఘటన కనబడలేదని తేల్చారు. 1974లో టెక్సాస్‌లో జరిగిన ప్రసిద్ధ ఉదంతంలో బాలుడికి విషం పెట్టింది సొంత తండ్రే.

అసలు ప్రమాదం రోడ్డు మీద ఉంది. 1975 నుంచి 2016 వరకు 42 ఏళ్ల ప్రమాద వివరాలను విశ్లేషించిన అధ్యయనం 2019లో ‘జామా పీడియాట్రిక్స్’ పత్రికలో వెలువడింది. హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు, దానికి వారం ముందు, వారం తరువాతి సాయంత్రాలతో పోలిస్తే 43 శాతం అధికమని అందులో తేలింది. 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో ఆ ముప్పు సుమారు పది రెట్లు. కాబట్టి బయటకు పంపినా, పార్కులో వేడుక జరిపినా ముందుగా చూడవలసినవి చూపును అడ్డగించే ముసుగు, కాళ్లకు తగిలే పొడవాటి దుస్తులు, మెరుపు పట్టీ లేని నల్లని వేషం. ముసుగుకు బదులు ముఖానికి రంగులు వేయడం, కొవ్వొత్తికి బదులు చిన్న ఎల్ఈడీ దీపం వాడడం మేలు. నాలుగేళ్ల లోపు పిల్లలకు గట్టి మిఠాయిలు, గింజలు గొంతుకు అడ్డుపడే అవకాశం ఉన్నందున ఇవ్వరాదు.

మత విశ్వాసం ప్రధానంగా గల కుటుంబాలకు క్యాలెండరే దారి చూపుతుంది. ఫిలిప్పీన్స్‌లో కథోలిక చర్చి పిల్లలకు దయ్యాల వేషాలకు బదులు పరిశుద్ధుల వేషాలు వేయించి ఊరేగింపులు నిర్వహిస్తుంది. 1517 అక్టోబర్ 31న మార్టిన్ లూథర్ తన 95 ప్రతిపాదనలను వెలువరించినందున లూథరన్ సంఘాలు అదే రోజును సంస్కరణ దినంగా పాటిస్తాయి. జర్మనీలో నవంబర్ 11న సెయింట్ మార్టిన్ పండుగకు పిల్లలు తామే తయారు చేసిన కాగితపు లాంతర్లతో వీధుల్లో నడుస్తారు. తన అంగీని కోసి భిక్షువుకు సగం ఇచ్చిన సైనికుడి కథ ఆ ఊరేగింపుకు ఆధారం. చీకటి, దీపం, నడక ఉంటాయి, భయం మాత్రం ఉండదు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అక్టోబర్ మాసం తీరికలేనిది. దసరా బొమ్మల కొలువు, బతుకమ్మ, ఆ వెంటనే దీపావళి. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబర్ 31నే వచ్చింది. ఒకే వాకిట్లో ప్రమిదలు, తొలిచిన గుమ్మడికాయ పక్కపక్కనే పెట్టుకున్న ఇళ్లున్నాయి. దిష్టి తగలకుండా గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే వారికి ఇది మరీ వింతగా తోచకపోవచ్చు.

పిల్లలు ఇంటింటికీ తిరగడం కూడా మనకు కొత్త కాదు. వెనుకటి తరాల వరకు దసరా రోజుల్లో వీధి బడి పంతులుగారు పిల్లలకు విల్లంబులు పట్టించి, పద్యాలు చదివిస్తూ ఊరంతా తిప్పేవారు. గృహస్థులు పంతులుగారికి కానుక, పిల్లలకు పప్పు బెల్లాలు ఇచ్చేవారు. హైదరాబాద్, బెంగళూరు గేటెడ్ కమ్యూనిటీల్లో నేడు ప్లాస్టిక్ అస్థిపంజరాలు కొంటున్న తల్లిదండ్రులు ఈ ఆచారాన్ని దసరా సెలవుల్లో తిరిగి మొదలుపెట్టవచ్చు. దానికి అయ్యే ఖర్చు స్వల్పం. నాలుగు ఇళ్లవారు ముందుగా మాట్లాడుకొని, అలర్జీలున్న పిల్లల పేర్లు తెలుసుకొని, ఒక పద్యం నేర్పితే చాలు.

ఏ మార్గాన్ని ఎంచుకున్నా, ఆ సంగతి పిల్లలకు అక్టోబర్ చివరి వారంలో కాక, బడిలో వేషాల చర్చ మొదలు కాకముందే చెప్పడం ముఖ్యం. ఏం చేయబోతున్నామో వారే నిర్ణయించేలా రెండు మూడు మార్గాలు ముందుంచితే, మరునాడు బడిలో చెప్పుకోవడానికి వారికీ ఒక కథ ఉంటుంది.