అనంతపురపు కచ్చేరి వీథి: కరువు కట్టిన పట్టణము

అనంతపురమునుగూర్చి ప్రచారములోనున్న చరిత్రలు దాదాపుగా ఒకే త్రోవను నడచుచున్నవి. చిక్క వొడెయరు చెరువు కట్టించెను. హండె నాయకులు ఏలిరి. మన్రో దొర వచ్చి కచ్చేరి పెట్టెను. 1882లో జిల్లా ఏర్పడెను. పిమ్మట న్యాయస్థానము, ఖజానా, ఆసుపత్రి, కళాశాల ఒకదాని వెనుక నొకటి వెలసెను అని చెప్పి, ఆ వరుసయే కారణమైనట్లు పాఠకుని నమ్మింతురు. ఒకదాని తరువాత నొకటి జరిగినంత మాత్రమున మొదటిది రెండవదానికి హేతువు కాజాలదు. నదీతీరమున లేక, పుణ్యక్షేత్రము కాక, వర్తకమునకు పేరుపడక, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో తృప్తిపడవలసిన ఈ ఎండు పీఠభూమిపై ఇన్ని ప్రభుత్వ సంస్థలు ఒక్కచోట ఏల గుమిగూడెననెడి ప్రశ్నకు ఆ వరుసలో సమాధానము లేదు. ఆ సమాధానమును వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ప్రారంభ దశ సుప్రసిద్ధము గనుక విస్తరింప పనిలేదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల మంత్రి చిక్క వొడెయరు 1364 ప్రాంతమున పండమేరు వాగునకు అడ్డముగ కట్ట వేయించెననియు, ఒక కొస ఊరికి రాజు పేర బుక్కరాయసముద్రమనియు, రెండవ కొస ఊరికి తన ఇల్లాలి పేర అనంతసాగరమనియు నామకరణము చేసెననియు స్థలచరిత్ర చెప్పుచున్నది. హండె నాయకుల కాలపు వృత్తాంతములు సి. పి. బ్రౌను 1853లో ప్రకటించిన అనంతపుర చరిత్రమునందు కలవు. కట్ట తెగనున్నవేళ ఊరికొరకు ప్రాణమర్పించిన ముసలమ్మ కథ కట్టమంచి రామలింగారెడ్డిగారి కావ్యముద్వారా తెలుగువారందరికిని పరిచితమే. ఈ కథనుండి చరిత్రకారుడు గ్రహింపవలసినది ఒక్కటి కలదు. ఈ ఊర మొదటి ప్రజాసంస్థ కోట కాదు, గుడి కాదు, చెరువు. దాని కట్టను కాచుట, తూములెత్తుట, నీరు పంచుట అనునవియే ఇచ్చటి తొలి ప్రభుత్వ సేవలు. తక్కిన సంస్థలన్నియు దాని తరువాత పుట్టినవే.

ఇక మన్రో మాట. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి వదలుకొనగా, ముఖ్య కలెక్టరుగ వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఈ ఊరినే కేంద్రముగ చేసికొని పనిచేసెను. భూములు కొలిపించెను, రైతుతో నేరుగా పట్టా వ్యవహారము నెలకొల్పెను, పన్నులో నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో వ్రాసి, అంగీకారము పొందలేక, తాను గవర్నరైన పిదప 1820లో దానిని సాధించెను. ఇవి గౌరవింపదగిన విషయములే. కాని అనంతపురపు కార్యాలయములన్నియు మన్రో నాటిన విత్తనమునుండి మొలచినవని చెప్పుట పొసగదు. ఆయన వెడలిపోయిన మరుసటి ఏటనే దత్తమండలము బళ్ళారి, కడప జిల్లాలుగ విభక్తమయ్యెను. జిల్లాపేరు, పిమ్మట పెత్తనము, బళ్ళారికే దక్కెను. 1808కిని 1882కిని నడుమ డెబ్బదినాలుగేండ్లు కలవు. ఆ యెడబాటును దాటి విత్తనము మొలచుట వింతయే యగును. ఆ నడిమికాలమున ఊర గొప్పగ చెప్పదగిన సంస్థ 1869లో ఏర్పడిన పురపాలక సంఘము మాత్రమే. అది జిల్లాకంటె పదుమూడేండ్లు పెద్దది! వీథులు ఊడ్పించుటకును, దీపములు పెట్టించుటకును ఉద్దేశింపబడిన ఆ సంస్థ 1882నాటి కలెక్టరు కచ్చేరికంటె ముందు పుట్టెనను విషయము, ఊరిని కేవలము సర్కారు ఉత్తరువు సృష్టించెనను వాదమును కొంత సడలించుచున్నది.

అయినచో 1876కును 1882కును నడుమ ఏమి జరిగెను? ఇచ్చటనే మన చరిత్రకారులు త్వరపడిరి. ఒక వాక్యమున "పెద్ద కరువు వచ్చెను" అని వ్రాసి, మరుసటి వాక్యమున "జిల్లా ఏర్పడెను" అని దాటిపోయిరి. ఆ రెండు వాక్యముల నడుమనే ఈ పట్టణపు అసలు చరిత్ర యున్నదని నా విశ్వాసము.

ధాతునామ సంవత్సరమున మొదలైనందున మన పెద్దలు దానిని ధాతు కరువనిరి. 1876లో వానలు తప్పెను. 1878 వరకు దాని ప్రభావము తీరలేదు. 1871 జనసంఖ్యలో పిమ్మట 1882లో అనంతపుర జిల్లాయైన తాలూకాలయందు సుమారు 7 లక్షల 40 వేలమంది యుండగా, 1881 నాటికి 6 లక్షలమందియే మిగిలిరి. అందు వలసపోయినవారు కొందరున్నను, దాదాపు ఐదవవంతు ప్రజ కనుమరుగగుట సామాన్యమైన కథ కాదు. అప్పటికి మదరాసునుండి రాయచూరుకు పోవు రైలుమార్గము గుత్తి మీదుగ 1871లోనే పూర్తియై యుండెను. ధాన్యము గుత్తివరకు రాగలదు. అచ్చటినుండి దక్షిణమునకు బండ్లపై పోవలెను. బండ్లు లాగవలసిన ఎద్దులకు మేత లేదు, దారిలో నీరు లేదు. ధాన్యమున్నచోటికిని ఆకలియున్నచోటికిని నడుమ దూరమే మృత్యువయ్యెను.

దీనికి తోడు పాలకుల లెక్క. 1877 జనవరిలో కేంద్ర ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపుల్, కరువు పనులలో కూలి చేయువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, అర అణాయు చాలునని నిర్ణయించెను. ఆ కొలత ప్రాణము నిలుపజాలదని మదరాసు పారిశుద్ధ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్నినెలలకు గాని కూలి పెరుగలేదు. రాతినేలపై కంకర కొట్టుచు, ఒక పౌను గింజలతో దినము గడపినవారి అనుభవము ఏ ప్రభుత్వ నివేదికలోను పూర్తిగా లేదు.

కరువు ముగిసిన వెంటనే స్ట్రాచీ అధ్యక్షతను కరువు సంఘము కూర్చుండెను. 1880లో నివేదిక యిచ్చెను. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లాయయ్యెను. 1883లో కరువు నివారణ నియమావళి రూపొందెను. ఈ మూడు సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచువానికి కార్యకారణ సంబంధము తోచకమానదు. కరువు సంఘము ముఖ్యముగ కోరినది రెండు: విపత్తును ముందుగ పసిగట్టగల యధికారి ప్రజకు చేరువలో నుండుట, ధాన్యమును త్వరగా చేర్చు రైలుమార్గముండుట. మొదటి దానికి అనంతపుర జిల్లా ఫలము. రెండవదానికి సదరన్ మరాఠా రైల్వేవారు నడపిన గుంతకల్లు–బెంగుళూరు మార్గము. 1893 నాటికి ఆ మార్గమున అనంతపురమునకు రైలు వచ్చెను.

ఇచ్చట నేను కొంత సంయమనము వహింపవలసియున్నది. జిల్లా విభజనకు కరువొక్కటియే కారణమని నేను శాసించుట లేదు. బళ్ళారి జిల్లా ఒక కలెక్టరు చేతికి మించినదను మాట కరువునకు ముందును ఉండియుండవచ్చును. పన్ను వసూళ్ల సౌకర్యమును పాలకులు మరచియుండరు. రైలుమార్గమును వేయుటలో మైసూరుతోడి వర్తకమును, సైన్యావసరములును లెక్కలోనికి వచ్చియుండును. కాని కేవలము పరిపాలనా సౌలభ్యమే కారణమైనచో, అది ముప్పదియేండ్లు ముందుగనైన, వెనుకగనైన జరుగవచ్చును. 1882లోనే జరుగుటకు ధాతు కరువే తొందరపెట్టెనని నా యభిప్రాయము. పట్టణపు పెరుగుదలయు దీనినే సమర్థించుచున్నది. జిల్లా ముఖ్యస్థానమై పందొమ్మిదేండ్లు గడచిన తరువాత 1901లో అనంతపుర జనసంఖ్య 7,938 మాత్రమే. వర్తకముచేతగాని, పరిశ్రమచేతగాని ఎదిగిన పట్టణమైనచో అంక మింత చిన్నదిగ నుండదు. జనము లేని ఊర కార్యాలయములు నిలిచినవనగా, ఆ కార్యాలయములు ఊరికొరకు గాక, చుట్టునున్న వేలకొలది చదరపు మైళ్ల ఎండునేలకొరకు పెట్టబడినవని యర్థము.

ఆ కచ్చేరిలో జరిగిన పనియు అట్టిదే. తాలూకాలనుండి వానలెక్కలు, ధాన్యపు ధరలు తెప్పించుకొనుట; పంట పోయిన గ్రామములలో జమాబందీ (ఏటేటి పన్ను లెక్కల పరిష్కారము) నాడు పన్ను మాఫీ నిర్ణయించుట; బావులకు తకావి అప్పులిచ్చుట; కరువు పనులు తెరచుట, మూయుట. 1891-92లోను, 1896-97లోను మరల కరువు వచ్చినపుడు ఆ యంత్రము పనిచేసెను. లోపములు లేక కాదు. అయినను ధాతు కరువునాటి సంహారము తిరిగి జరుగలేదు. జిల్లాపేరు విన్నంతనే రైతు నోట "కలెక్టరు" అనుమాట ముందుగ రావలసిన కారణము ఇదియే.

కరువు తెచ్చిన కచ్చేరి చుట్టు చదువు చేరుటకు మరికొంతకాలము పట్టెను. 1916లో దత్తమండల కళాశాల వెలసెను. ఆ పేరే అది ఒక ఊరిది కాదని చాటుచున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొలదికాలము అచ్చట తత్త్వశాస్త్రము బోధించెను. నీలం సంజీవరెడ్డి అచ్చట చదివెను. ఒక్క కళాశాలతో ఇద్దరు రాష్ట్రపతులకు సంబంధముండుట ఈ యెండుసీమకు గర్వకారణము. 1926లో పప్పూరు రామాచార్యులు సాధన పత్రికను స్థాపించి, కచ్చేరికి ఎదుట ప్రజావాణిని నిలిపెను. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము పెంపొందింపవలెనని కోస్తా నాయకులును, రాయలసీమ నాయకులును అంగీకరించిరి. 1946లో గిండీలో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల 1948లో ఇచ్చటికి తరలెను. స్వాతంత్ర్యమునకు గురుతుగ నిలిచిన గడియారపు స్తంభము పాతూరికిని క్రొత్త పేటలకును నడుమ కేంద్రబిందువయ్యెను. కాని శ్రీబాగ్ మాట నెరవేరుటకు ఎంతకాలము పట్టెనో గమనింపుడు: స్నాతకోత్తర కేంద్రము 1968లో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో, వైద్య కళాశాల 2000లో వచ్చెను. కరువు అధికారిని ఆరేండ్లలో తెచ్చెను; ఒడంబడిక విశ్వవిద్యాలయమును నలువదినాలుగేండ్లకు గాని తేలేదు.

స్వాతంత్ర్యానంతరమును కచ్చేరి తన మూలస్వభావమును విడువలేదు. 1952 కరువున గంజి కేంద్రములు వెలసినది ఈ సీమలోనే. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకమును దేశమంతటికిని ప్రారంభించుటకు నార్పల మండలమందలి బండ్లపల్లి గ్రామమే యెన్నుకొనబడెను. టెంపుల్ కూలినాటి కరువు పని దయాభిక్ష. బండ్లపల్లి పని చట్టము గుర్తించిన హక్కు. ఈ రెంటి నడుమ నూటముప్పది యేండ్ల దూరము కలదు. ఆ దూరమును నడచినవారు ఈ పీఠభూమి ప్రజలే.

ఇక వర్తమానమును తీర్పు చెప్పక విడుచుట పిరికితనమగును. మంచిని ముందుగ చెప్పెదను. 1985లో మండలములు, 2011లో మీసేవ, 2019-20లో గ్రామ, వార్డు సచివాలయములు వచ్చి, ఒక ధ్రువపత్రము కొరకు జిల్లా కేంద్రమునకు బస్సెక్కవలసిన అగత్యమును చాలవరకు తప్పించినవి. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడుటతో హిందూపురము, కదిరి, ధర్మవరము, పెనుకొండ వాసులకు కచ్చేరి కొంత దగ్గరయ్యెను. 1882నాటి సూత్రమగు "అధికారి ప్రజకు చేరువ" అను దానికి ఇది కొనసాగింపే.

అయినను నా మనస్సు సమాధానపడకున్నది. సోమవారము నాడు కలెక్టరు కార్యాలయమునకు అర్జీలు చేతబట్టుకొని వచ్చువారి వరుస తగ్గలేదు. ఆ కార్యక్రమము స్పందనయై, మరియొక పేరై, పిమ్మట ప్రజా సమస్యల పరిష్కార వేదికయై మూడు నాలుగు పేర్లు మార్చుకొనెను; అర్జీదారు మాత్రము మారలేదు. గ్రామముననే తీరవలసిన పాసుపుస్తకపు తగాదా జిల్లా కేంద్రమునకు వచ్చుచున్నంతకాలము, చేరువయైనది కార్యాలయమే గాని న్యాయము కాదని ఒప్పుకొనవలెను.

అంతకంటె బాధాకరమైనది మరియొకటి. 2022 అక్టోబరులో ఈ కరువుసీమ పట్టణమున నడిమివంక పొంగి కాలనీలు జలమయమయ్యెను. 1901లో ఎనిమిదివేలైన లేని ఊరు 2011 నాటికి రెండులక్షల అరువదివేలు దాటెను. పెరిగిన జనము వంకల గట్లమీద, కాలువల దారులలో ఇండ్లు కట్టుకొనిరి. అడ్డుపెట్టవలసిన సంస్థలు చూచుచు ఊరకుండెను. త్రాగునీరు పెన్నహోబిలం జలాశయమునుండి గొట్టములలో వచ్చుచుండుటచేత, ఊరిని కన్న చెరువును గూర్చి చింతించువారు తగ్గిపోయిరి. నీటిని కాచుటకై పుట్టిన పట్టణము నీటిదారిని మరచుట తన పుట్టుకను మరచుటయే.

కనుక అనంతపుర పురపాలకులకును, జిల్లాధికారులకును, ముఖ్యముగ పౌరులకును నా మనవి రెండు. పండమేరు, నడిమివంక, చెరువుకట్ట ఈ మూటిని ఒక్క బాధ్యత క్రిందికి తెచ్చి, ప్రతి సంవత్సరము వానకారుకు ముందుగ వాని స్థితిని బహిరంగముగ ప్రకటింపుడు. జిల్లా పుట్టిననాటి కరువు రికార్డులు చెదలపాలు గాకముందే జిల్లా గ్రంథాలయమున భద్రపరచి, చదువరులకు తెరచి యుంచుడు. ఈ కచ్చేరి ఏ ప్రజ మరణమునుండి పుట్టెనో అందు పనిచేయువాడు తెలిసికొననిదే, కిటికీ వెలుపల నిలిచిన రైతు ఎవ్వడో అతనికి తెలియదు.